షియాన్‌లో మన నాగార్జునుడు

మా బరంపురం పట్టు చీరల ఊరు. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన పిల్లకు, పట్టు బాట మొదలైన ఊళ్ళో ఏడాది పాటు చదివే అవకాశం వచ్చింది. చైనా భాష నేర్చుకోవడానికి 2024 సెప్టెంబరులో నేను షియాన్ నగరం వెళ్ళాను. అప్పట్లో మన దేశం నుంచి చైనాకు నేరుగా విమానాలు లేవు. కోల్‌కతాలో ఎక్కి, బ్యాంకాక్‌లో మారి, రెండో రోజుకి చేరాను.

బయల్దేరే ముందు అమ్మ పచ్చళ్ళు కట్టింది. నాన్న వంద జాగ్రత్తలు చెప్పారు. తాతయ్య మాత్రం ఒక్కటే అడిగారు.

"హుయాన్‌త్సాంగ్ ఊరు వెళ్తున్నావమ్మా. ఆయన గుడి చూసి నాకో ఉత్తరం రాయి. తెలుగులో రాయాలి సుమా."

ఫోనులో చెప్తాను తాతయ్యా అంటే ఒప్పుకోలేదు. నాకు గుండెల్లో రాయి పడింది. నేను చదివింది ఒడియా మీడియంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు. అక్షరాలు తాతయ్యే పలక మీద దిద్దించారు. చదవడం వచ్చు గానీ రాయడం అంటే భయం. ఒత్తుల దగ్గరకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఈ పత్రిక చదివే ఇళ్ళలో నాలాంటి పిల్లలు ఇంకా ఉండే ఉంటారు.

గోడ మీద సైకిలు

షియాన్ అంటే పడమటి శాంతి అని అర్థం. పాత పేరు చాంగాన్, అంటే దీర్ఘశాంతి. చాలా రాజవంశాలకు రాజధానిగా ఉన్న ఊరు ఇది. ఇప్పుడు జనాభా కోటీ ముప్పై లక్షలకు దగ్గర. భూగర్భ రైలు, ఆకాశాన్నంటే మేడలు, ఎనిమిది వరసల రోడ్లు అన్నీ ఉన్నాయి. అయినా ఊరి నడుమ మాత్రం పాత కోట గోడ చెక్కు చెదరకుండా నిలబడి ఉంది.

మింగ్ వంశపు తొలి చక్రవర్తి కాలంలో, 1370 తర్వాత కట్టిన గోడ ఇది. చుట్టుకొలత 13 కిలోమీటర్ల పైచిలుకు. ఎత్తు 12 మీటర్లు. పైన వెడల్పు కూడా దాదాపు అంతే. అంటే గోడ మీద రెండు లారీలు పక్కపక్కన పోవచ్చన్న మాట. అక్కడ సైకిళ్ళు అద్దెకిస్తారు. అక్టోబరులో ఒక ఆదివారం నేనూ, నా తరగతిలోని కజకిస్తాన్ అమ్మాయీ దక్షిణ ద్వారం దగ్గర ఎక్కి, ఒక చుట్టు తిరిగి వచ్చాం. పాత ఇటుకల మీద సైకిలు గడగడలాడుతుంది. లోపలి వైపు పెంకుటిళ్ళూ, బయటి వైపు గాజు మేడలూ కనిపిస్తాయి. దిగేసరికి చేతులు జోము పట్టాయి గానీ, ఊరి రూపం మనసులో పడింది.

గోడ కింద కందకం ఒడ్డున చిన్న తోట ఉంది. పొద్దున్నే ముసలివాళ్ళు అక్కడ చేరతారు. కొందరు వ్యాయామం చేస్తారు, కొందరు పాటలు పాడతారు. ఒకాయన చీపురంత కుంచె బకెట్లో ముంచి రాతి పలకల మీద నీటితో పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాడు. రాసిన వరస పూర్తయ్యేలోపు మొదటి అక్షరం ఎండిపోతోంది. ఆయనకు ఆ చింత లేదు. మళ్ళీ ముంచి మళ్ళీ రాస్తున్నాడు. నన్ను చూసి ఏ దేశం అని అడిగాడు. "యిందు" అన్నాను. చైనా భాషలో మన దేశం పేరు అదే. వెంటనే కుంచె నా చేతికిచ్చి, మీ అక్షరాలు రాయి అన్నాడు.

అ, ఆ, ఇ, ఈ రాశాను. పలక మీద దిద్దిన చెయ్యి కదా, గుండ్రంగానే వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. "ఒక మాట రాయి" అన్నాడాయన. నా ఊరి పేరు రాశాను. ఒత్తు లేని పేరు కనుక గట్టెక్కాను. ఎండ తగిలి అయిదు నిమిషాల్లో బరంపురం ఆవిరైపోయింది.

తిరగమాత నూడుల్సు

పాత ఊరి నడుమ గంట మేడ, దానికి కొద్ది దూరంలో భేరీ మేడ ఉన్నాయి. గంట మేడను 1384లో కట్టారు. భేరీ మేడ వెనక ముస్లింల వీధి మొదలవుతుంది. పట్టు బాట వెంట వచ్చిన అరబ్బు, పారశీక వర్తకుల వంశాల వారు ఇక్కడ తరతరాలుగా ఉంటున్నారు. వాళ్ళ పెద్ద మసీదు చూస్తే మనం గుడి అనుకుంటాం. గుమ్మటం లేదు, మినారు లేదు. చైనా పద్ధతి పెంకుల కప్పులు, చెక్క మంటపాలు, తోటలు. లోపల మాత్రం అరబ్బీ అక్షరాలు చెక్కి ఉన్నాయి. వాళ్ళు ఇంట్లోనూ వీధిలోనూ మాట్లాడేది చైనా భాషే. ప్రార్థన అరబ్బీలో చేస్తారు. పొరుగు నేలలో ఎంత కలిసిపోయినా ఏదో ఒకటి గట్టిగా పట్టుకునే ఉంటారు కాబోలు.

వీధంతా తిండి అంగళ్ళే. గొర్రె మాంసం పులుసులో రొట్టె తుంచి వేసుకుని తినడం ఈ ఊరి ప్రత్యేకత. నేను శాకాహారిని కనుక మొదట్లో చాలా ఇబ్బంది పడ్డాను. ఇది గోధుమల నేల. అన్నం కన్నా నూడుల్సు, రొట్టెలు ఎక్కువ. రెండు వారాలు టమాటా, రొట్టెలతో గడిపాక, హాస్టలు వంటమనిషి ఒక వంటకం చూపించింది. బెల్టంత వెడల్పున సాగదీసిన నూడుల్సు ఉడికించి గిన్నెలో వేస్తారు. పైన ఎండుమిరప కారం, వెల్లుల్లి, ఉల్లికాడలు కుప్పగా పెడతారు. అప్పుడు పొగలు వచ్చే నూనె గరిటెతో ఆ కుప్ప మీద పోస్తారు. చుయ్‌మని శబ్దం, ఆ వెంటనే కమ్మటి వాసన! కళ్ళు మూసుకుంటే అమ్మ వంటింట్లో ఉన్నట్టే. ఆవాలు, కరివేపాకు లేని తిరగమాత అది. నూనెలో వేయించిన మిరప కారమే వాళ్ళకు ఒక కూర అని ఆ ప్రాంతం మీద సామెత ఉంది. మన ఆవకాయ ముద్ద సంగతి చెప్తే వాళ్ళు ఏమీ ఆశ్చర్యపోలేదు.

మట్టి సైన్యం

నగరానికి తూర్పున లిన్‌టోంగ్ అనే ఊరుంది. దానిమ్మ పళ్ళకు పేరు. ఇప్పుడు భూగర్భ రైలు లిన్‌టోంగ్ దాకా వేశారు. అక్కడి నుంచి బస్సు ఎక్కితే మట్టి సైన్యం ఉన్న చోటికి చేరుస్తుంది.

1974 మార్చిలో ఈ ఊరి రైతులు కొందరు నీళ్ళ కోసం బావి తవ్వుతుంటే మట్టి బొమ్మల ముక్కలు బయటపడ్డాయి. తవ్వకాలు జరిపితే కింద ఒక సైన్యమే ఉంది. క్రీస్తుకు పూర్వం 221లో చైనానంతా ఒక్కటి చేసిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలాగా పెట్టిన సైన్యం. మొత్తం 8,000 దాకా బొమ్మలు ఉంటాయని అంచనా. మొదటి గోతి పొడవే 230 మీటర్లు. రైలు స్టేషనంత కప్పు వేసి దాన్ని కాపాడుతున్నారు. ఏ రెండు ముఖాలూ ఒకలా ఉండవు. మొదట వాటికి రంగులు ఉండేవి. మట్టిలోంచి తీసి గాలి తగలగానే రంగు పొరలు ముడుచుకుని రాలిపోయాయి.

నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. కొన్ని బొమ్మల మీద చేసిన కుమ్మరి పేరు చెక్కి ఉంటుంది. అది గొప్ప కోసం కాదు. పని చెడితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి పెట్టిన ముద్ర. కారణం ఏదైతేనేం, రాజు శవం ఉన్న దిబ్బ ఇంకా తెరవనే లేదు, కుమ్మరి పేరు మాత్రం రెండు వేల రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా మనం చదువుతున్నాం.

హుయాన్‌త్సాంగ్ మేడ

తాతయ్య చూడమన్న గుడికి నవంబరులో వెళ్ళాను. మన చరిత్ర పాఠాల్లో హుయాన్‌త్సాంగ్ అని చదువుకున్న యాత్రికుణ్ణి అక్కడివాళ్ళు షువన్‌జాంగ్ అంటారు. ఆయన పేరు తెలియని పసిపిల్లలు లేరు. ఆయన యాత్ర మీద తర్వాతి కాలంలో అల్లిన కథలో తోడుగా ఒక కోతి వీరుడు ఉంటాడు. మన హనుమంతుడి కథలు చెప్తే హాస్టలు పిల్లలు "మా కోతికి అన్నగారా?" అని నవ్వేవారు.

ఏడో శతాబ్దంలో, రాజు అనుమతి లేకుండానే చాంగాన్ వదిలి, ఎడారులు, మంచుకొండలు దాటి మన దేశం వచ్చాడు. నలందలో చదివాడు. దేశమంతా తిరిగాడు. 645లో 657 గ్రంథాలను ఇరవై గుర్రాల మీద మోయించుకుని తిరిగి వచ్చాడు. ఆ గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టిందే పెద్ద అడవి బాతు గోపురం. మొదట అయిదంతస్తులు. తర్వాత మార్చి కట్టారు. ఇప్పుడు ఏడంతస్తులు, ఎత్తు 64 మీటర్లు. చెక్క మెట్లెక్కి పైకి వెళితే నాలుగు దిక్కులా నాలుగు కిటికీలు. మిగిలిన పంతొమ్మిదేళ్ళ జీవితంలో ఆయన 75 గ్రంథాలను చైనా భాషలోకి మార్చాడు. మన దేశం పేరును చైనా అక్షరాల్లో ఎలా రాయాలో తర్కించి, "యిందు" అన్న రూపమే సరైనదని చెప్పినవాడు కూడా ఆయనే. తోటలో నీటి అక్షరాలు రాసిన పెద్దాయనకు నేను చెప్పిన మాట అదే కదా!

ఇక్కడే ఒక సరదా సంగతి చెప్పాలి. షియాన్‌లో వైద్యం చదివే తెలుగు పిల్లలతో నాకు స్నేహం కుదిరింది. గుంటూరు అమ్మాయి ఒకరు, కరీంనగర్ అబ్బాయి ఒకరు. మంచివాళ్ళే. కానీ నేను "ఏటి, ఎలాగున్నారు?" అంటే పగలబడి నవ్వేవారు. "నీది తెలుగా, ఒడియానా?" అని ఆట పట్టించేవారు. నేను కూడా నవ్వేసేదాన్ని గానీ లోపల గుచ్చుకునేది. కొన్నాళ్ళకు వాళ్ళ దగ్గర మాట్లాడటం తగ్గించాను. ఉత్తరం ఊసు కూడా అందుకే వాయిదా వేశాను. నా తెలుగు తెలుగే కానప్పుడు ఏం రాస్తాను?

ఆ చలికాలంలో గ్రంథాలయంలో హుయాన్‌త్సాంగ్ యాత్రా గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం దొరికింది. తూర్పు తీరం భాగం తీసి చదివాను. ఆయన ఓడ్ర దేశం నుంచి కొంగోద దేశానికి వచ్చాడు. కొంగోద అంటే చిలికా, గంజాం ప్రాంతమని పండితులు గుర్తించారు. అంటే మా జిల్లాయే! అక్కడి నుంచి కళింగం, తర్వాత కోసలం, ఆ తర్వాత ఆంధ్రం, చివరకు ధాన్యకటకం. ధాన్యకటకం అంటే మన అమరావతి. 639 ప్రాంతంలో అక్కడ కొన్ని నెలలు ఉండి అభిధర్మం నేర్చుకున్నాడు. ఆంధ్ర దేశం గురించి రాస్తూ, ఇక్కడి మాట, వాక్యం అమరిక మధ్యదేశం కన్నా వేరని, అక్షరాల రూపం మాత్రం ఇంచుమించు ఒకటేనని నమోదు చేశాడు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి, మన వాళ్ళు మాట్లాడుతుంటే నిలబడి విన్నాడన్న మాట. వాళ్ళలో ఎవరి మాట అసలైనదని ఆయన తీర్పు చెప్పలేదు. వేరే భాష అని రాసుకుని ముందుకు సాగాడు.

మర్నాడు గుంటూరు అమ్మాయితో అన్నాను, "చూశావా, ఆయన మీ ఊరికన్నా ముందు మా ఊరొచ్చాడు." ఆ పిల్ల కాసేపు పుస్తకం చూసి, "అయితే నువ్వే సీనియర్‌వి. అక్కా అని పిలుస్తాలే" అంది. అప్పటి నుంచి నన్ను అక్కా అనే పిలిచింది. నేను కూడా మళ్ళీ "ఏటి" అనడం మొదలుపెట్టాను.

పూరిపాక గుడి

తాతయ్య చెప్పింది హుయాన్‌త్సాంగ్ గుడి. నేను నాకై నేను కనుక్కున్నది ఇంకొకటి. నగరానికి నైరుతి దిక్కున, చిన్‌లింగ్ కొండల అడుగున హూయి అనే ఊరుంది. రైతులు వేసే రంగురంగుల బొమ్మలకు పేరున్న ఊరు. 2016లో దాన్ని షియాన్ నగరంలో ఒక జిల్లాగా కలిపారు. ఆ ఊరి దగ్గర త్సావ్‌తాంగ్ గుడి ఉంది. త్సావ్‌తాంగ్ అంటే పూరిపాక. పదహారు వందల ఏళ్ళ కిందట ఇక్కడ గడ్డి కప్పిన శాలలో కూర్చుని కుమారజీవుడు మన గ్రంథాలను చైనా భాషలోకి మార్చాడు.

కుమారజీవుడి కథ మన పిల్లలకు చెప్పదగ్గది. తండ్రి భారతీయుడు. తల్లి మధ్య ఆసియాలోని కుచా రాజ్యపు రాజకుమారి. మహా పండితుడని పేరు రావడమే ఆయనకు చేటయింది. చైనా సేనాపతి ఒకడు కుచాను జయించి ఆయన్ను బందీగా పట్టుకుపోయాడు. దారిలో లియాంగ్‌జౌ అనే చోట పదిహేనేళ్ళకు పైగా నిలిచిపోయాడు. ఆ ఏళ్ళలో చైనా భాష ఒంటబట్టింది. 401లో చాంగాన్ పాలకుడు పిలిపించుకుని, వందల మంది భిక్షువులను సాయం ఇచ్చి, అనువాదం మొదలుపెట్టించాడు. ఆయన చేతి మీదుగా చైనా భాషలోకి వచ్చిన గ్రంథాల్లో మన నాగార్జునుడి మాధ్యమిక శాస్త్రం ఒకటి. దాని అనువాదం 409లో జరిగింది.

నాగార్జునుణ్ణి దక్షిణ భారతంలో పుట్టినవాడని కుమారజీవుడి పేరుతో ఉన్న జీవిత కథే చెబుతుంది. కృష్ణ ఒడ్డున శ్రీపర్వతం, అంటే మన నాగార్జునకొండ, ఆయన నివాసమని సంప్రదాయం. సాతవాహన రాజుకు ఆయన రాసిన లేఖ ప్రసిద్ధం. చైనా వాళ్ళు ఆయన పేరును "లోంగ్‌షూ" అని మార్చారు. లోంగ్ అంటే నాగం, షూ అంటే చెట్టు. అర్జునమంటే తెల్లమద్ది కదా. ఆ చెట్టు కింద పుట్టాడు కనుక అర్జునుడని ఆ జీవిత కథలోనే ఉంది. నాగమూ, మద్ది చెట్టూ కలిపి అంత దూరం మోసుకుపోయారు!

2025 ఏప్రిల్‌లో ఒక శనివారం ఒంటరిగా బయల్దేరాను. ఊరి బస్సు రెండు గంటలు తిప్పి తిప్పి గుడి దగ్గర దింపింది. పెద్ద జనం లేరు. వెదురు పొద, దాని పక్కన ఒక పాత బావి. చలికాలం ఉదయాలు ఆ బావి మీద పొగమంచు లేస్తుందట. ఆ దృశ్యానికి ఈ ప్రాంతపు ఎనిమిది అందాల్లో చోటిచ్చారు. లోపల చిన్న మంటపంలో కుమారజీవుడి అస్థికల స్తూపం ఉంది. మనిషి ఎత్తు కన్నా కాస్త ఎక్కువ. రంగురంగుల రాళ్ళతో అంచెలంచెలుగా మలిచారు. ఇంత పెద్ద పేరున్న మనిషికి ఇంత చిన్న గుర్తా అనిపించింది.

నా అనువాదంలో తప్పు లేకపోతే, దహనం చేశాక కూడా నా నాలుక కాలకుండా ఉంటుందని ఆయన చివర్లో అన్నాడట. అలాగే జరిగిందని భక్తుల నమ్మకం. అనువాదం అంటే నమిలిన అన్నం మరొకరి నోట్లో పెట్టడం లాంటిదని కూడా అన్నాడట, రుచి పోతుందని బాధతో. కానీ నమిలి పెట్టకపోతే పసివాడు ఎలా తింటాడు? నాగార్జునుడి పేరు మీద ఉన్న ద్వాదశముఖ శాస్త్రం సంస్కృత మూలం మన దగ్గర లేదు. అది మిగిలింది కుమారజీవుడు చేసిన చైనా అనువాదంలోనే. నాగార్జునకొండ లోయ సాగరం నీళ్ళ కింద ఉంది. కొన్ని కట్టడాలను తీసి ద్వీపం మీద మళ్ళీ నిలబెట్టారు. ఇక్కడ ఈ కొండల అడుగున మాత్రం నాగార్జునుడి గ్రంథాల మీద ఒక బౌద్ధ శాఖే పుట్టింది. దానికి ఈ గుడే పుట్టిల్లు.

గుడి దగ్గర ఊడుస్తున్న ముసలి భిక్షువు నన్ను పలకరించాడు. నా వచ్చీరాని చైనా భాషలో, నేను యిందు దేశం దాన్నని, లోంగ్‌షూ మా దక్షిణం వాడని చెప్పాను. ఆయన చీపురు పక్కన పెట్టి రెండు చేతులు జోడించాడు. నాకేం చెయ్యాలో తోచక నేనూ దండం పెట్టాను. లోపలికి వెళ్ళి ఒక నోటు పుస్తకం, కలం తెచ్చాడు. "మీ అక్షరాల్లో ఆయన పేరు ఎలా రాస్తారు?" అన్నాడు.

ఇది నీళ్ళతో రాసి ఎండిపోయే సంగతి కాదు. కాగితం. పైగా ఆ పేరులోనే నా శత్రువు ఉంది. "నాగా" దాకా రాశాను. చెయ్యి ఆగింది. ర కింద జు పెట్టాలా, జు కింద ర పెట్టాలా? ఎంతకీ తేలలేదు. ఫోను తీసి చూద్దామంటే అది ఎప్పుడో ఆరిపోయింది. దారంతా ఫొటోలు తీసి బ్యాటరీ ఖాళీ చేశాను. ఆయన తొందర పెట్టకుండా నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని తాతయ్య గొంతు గుర్తు తెచ్చుకున్నాను. "నోటితో ముందు ఏది పలుకుతావో అది పైన, తర్వాతది కింద." నాగా... ర్... జు. ర పైన, జ కింద, దానికి కొమ్ము. నాగార్జునుడు. మెల్లగా రాశాను. ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి, గుండ్రంగా ఉన్నాయే అన్నట్టు తిప్పి చూపించి, పుస్తకం మూసి లోపల పెట్టాడు.

ఆయీ ఇచ్చిన చిల్లర

బయటికి వచ్చాక అసలు కష్టం తెలిసింది. చైనాలో ఇప్పుడు అందరూ ఫోనుతోనే డబ్బు చెల్లిస్తారు. కూరగాయల బండి దగ్గర కూడా గళ్ళ బొమ్మ అతికించి ఉంటుంది. చేతిలో నోటు పెట్టుకోవడం నేను కూడా మానేశాను. ఇప్పుడు బస్సుకు డబ్బు లేదు. ఛార్జింగు చేసే పరికరం అద్దెకు తీసుకుందామంటే, దానికీ ముందు ఫోను వెలగాలి! సాయంత్రం అవుతోంది. ఊరికి నలభై కిలోమీటర్ల దూరం.

గుడి వాకిట్లో అగరుబత్తులు అమ్మే ఆవిడ నా ముఖం చూసే గ్రహించింది. అక్కడ పెద్దావిడను "ఆయీ" అని పిలుస్తారు. పిన్ని అన్న వరస. మహారాష్ట్రలో ఉన్న మన పాఠకులకు ఆ పిలుపు అమ్మలా వినిపిస్తుంది. ఆయీ తన కొట్లో ఫోనుకు తీగ తగిలించింది. వేడి నీళ్ళు ఇచ్చింది. ఫోను వెలిగేలోపు చివరి బస్సు వెళ్ళిపోతుందేమోనని గల్లాలోంచి చిల్లర నాణేలు తీసి చేతిలో పోసింది. ఫోను వెలిగాక ఆ డబ్బు పంపిస్తానంటే చెయ్యి అడ్డం పెట్టింది. "దూరం నుంచి వచ్చిన పిల్లవి. ఇంటికి జాగ్రత్తగా వెళ్ళు" అంది. ఆ మాట అనువదించుకోవలసిన అవసరం రాలేదు.

ఆ రాత్రి హాస్టలుకు చేరి కాగితం తీశాను. "తాతయ్యకు నమస్కారాలు" అని మొదలుపెట్టాను. నాలుగు పేజీలు అయింది.

వెళ్ళదలచిన వారికి నాలుగు మాటలు. చూడదగ్గ చోట్లకు పాస్‌పోర్టు వెంట ఉండాలి. మట్టి సైన్యానికి టిక్కెట్టు ముందుగా తీసుకోవడం మంచిది. మనకు అలవాటైన గూగులు, వాట్సాప్ అక్కడ మామూలుగా పని చెయ్యవు. ఫోనులో వీచాట్ పెట్టుకోవాలి. ఫోను ఎంత పని చేసినా జేబులో కాసిన్ని నోట్లు, నాణేలు ఉంచుకోండి. శాకాహారులు గుళ్ళ దగ్గరి భోజనశాలలు వెతుక్కోండి, అక్కడ మాంసం ఉండదు. చలికాలం మన ఒంటికి ఓర్చుకోలేనంత ఉంటుంది, ఉన్ని బట్టలు తప్పనిసరి. త్సావ్‌తాంగ్ గుడికి పొద్దున్నే వెళ్ళండి.

జూలైలో ఇంటికి వచ్చేసరికి నా ఉత్తరం తాతయ్య దిండు కింద ఉంది. విప్పి చూస్తే ఎర్ర సిరాతో పదకొండు తప్పులు దిద్ది ఉన్నాయి. నాగార్జునుడి పేరు మాత్రం అలాగే వదిలేసి, పక్కన చిన్న టిక్కు పెట్టారు. ఆ ఉత్తరాన్నే కాస్త పెంచి, ఆ పదకొండు తప్పులూ సరిచేసి, మీ ముందు పెట్టాను. ఇంకా ఏవైనా మిగిలితే అవి నావే. చెప్తే దిద్దుకుంటాను.